తాళాలాయన బోర్డు మీద ఖాళీ

సందు మలుపులో తాళాలాయన కొట్టుంది. బోర్డు మీద 'తాళాలు తీయబడును' అని ఉంటుంది. దానికి ముందు మాత్రం జానెడు మేర తెల్లరంగు పులిమి ఉంటుంది. ఆ రంగు కింద ఏముండేదో తెలుసుకోవాలని ఎవరికైనా మనసు పీకుతుంది. ఉండబట్టలేక అడిగామా, ఆయన స్టూలు ముందుకు జరుపుతాడు. కథ మొదలైందన్నమాటే.

అక్కడ 'పగలగొట్టకుండా' అని ఉండేదట. ఆ మాటంటే ఆయనకు ప్రాణం. రెండు సన్నటి తీగలు, చురుకైన చెవి, బోలెడంత ఓపిక. తలుపు బద్దలు కొట్టడం చేతకానివాళ్ళ పని అని తీసిపారేసేవాడు. అన్నం చల్లారిపోతోందని భార్య పిలిచినా, 'ఇంకొక్క పిసరు' అనేవాడే తప్ప లేచేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం ఆయన కూతురు మంచం మీద దుప్పటి పరిచి బట్టలు ఇస్త్రీ చేస్తోంది. ఎవరో పిలిస్తే ఇలా గది బయటికి వచ్చిందో లేదో, లోపలున్న ఆమె పాప తలుపు ధడాలున మూసేసింది. మూస్తే తాళం దానంతటదే పడే తలుపు. తాళంచెవి లోపలే ఉండిపోయింది. కిటికీకి ఊచలు. భార్య పరుగున వెళ్ళి కరెంటు మెయిన్ ఆపింది గానీ, కాగిన ఇస్త్రీపెట్టె దుప్పటి మీదే ఉంది. తలుపు కింద నుంచి కమురు వాసన మొదలైంది.

తాళాలాయన మోకాళ్ళ మీద కూర్చుని తీగలు దూర్చాడు. టిక్కుమంది. తోస్తే రాలేదు. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ టిక్కుమంది. అయినా రాలేదు.

"గునపం తెమ్మంటారా?" అంది భార్య.

"ఉండవే, ఇంకొక్క పిసరు!"

"నాన్నా, పొగ వస్తోంది!" అని కూతురు గొల్లుమంది.

ఇంకోసారి టిక్కుమనేసరికి ఆయన చెయ్యి ఆగిపోయింది. రాని తాళం ఇంత మెత్తగా తిరుగుతుందా? ఇది మొదట్లోనే తెరుచుకుంది. మరి తలుపును పట్టుకున్నదేమిటి? నేల మీద బోర్లా పడుకుని సందులోంచి చూశాడు. చిట్టి పాదాలు కనిపించాయి. వాటి పక్కనే, నేలలోకి దిగిన కింది గడియ.

"బంగారూ, గడియ నువ్వేశావా?"

"నేనే వేశా తాతా!" అంది పాప గొప్పగా. వెంటనే దగ్గింది.

"పైకి లాగమ్మా."

"రావట్లేదు!"

తాళాల్లో తల పండినవాడికి తలుపంటే తాళమే. గడియ సంగతి తట్టనేలేదు.

"కిటికీ దగ్గరికి పో బంగారూ, తాత తలుపు కొడతాడు," అని లేచి, "గునపం ఇటివ్వవే!" అన్నాడు. కింది చెక్క ఫెళ్ళున విరిగింది. మసి ముఖంతో పాప చేతుల్లోకి వచ్చింది. దుప్పటికి అప్పుడే మంట అంటుకుంటోంది. దాన్ని ఆర్పే పని ఆడవాళ్ళకు వదిలేసి, ఆయన పాపను పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

మర్నాడు రంగు డబ్బా ఆయనే కొనుక్కొచ్చాడు.

"ఇక లాభం లేదని మీకెలా తెలిసింది?" అని అడిగితే ఆయన స్టూలు వెనక్కి జరుపుకుంటాడు.

"తాళం మొదటి టిక్కుకే చెప్పిందండీ. విననిది నేనే. బోర్డు మీది మాట కోసం పిల్లని పోగొట్టుకునేవాణ్ణి."