క్లస్టర్లు నేర్పిన మా సార్

హనుమకొండలో మాకు పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్పిన సార్ పోయిన వారం కన్నుమూశారు. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఆయన చెల్లెలు పెట్టిన కబురు చూసి, ఆఫీసు మీటింగులో ఉన్న నేను కెమెరా ఆపేసుకున్నాను.

వర్ధన్నపేట నుంచి నేను బస్సులో ఆయన క్లాసుకు వెళ్లే రోజుల్లో క్లౌడ్ అంటే ఏమిటో నాకు తెలియదు. ఒక్కో ప్రోగ్రామును దానికి కావలసిన సరంజామాతో విడిగా సర్దితే అది కంటైనర్ అనీ, ఎక్కడో ఉన్న కంప్యూటర్ల గుంపు మీద అవి వందలుగా నడిస్తే క్లస్టర్ అనీ ఆయనే చెప్పారు. మిర్చి సీజన్లో ఎనుమాముల మార్కెట్‌కు బండ్లు పెరిగితే కాంటాలు పెంచినట్టు, వాడేవాళ్లు పెరిగితే మనం పైథాన్‌లో రాసిపెట్టిన స్క్రిప్టే కంటైనర్లను పెంచాలి. రద్దీ తగ్గితే తీసేయాలి.

తీసేసే స్క్రిప్టు దగ్గర మాత్రం సార్ మారిపోయేవారు. మా వెనక నిలబడి ప్రతి లైనూ పైకి చదివించేవారు. "పైథాన్ మన మాట వింటది బిడ్డా, మన మనసుల ఏమున్నదో దానికి తెల్వది. ఏం తీసేస్తదో ముందుగాల చెప్పుమను. సూసినంకనే తియ్యుమను" అనేవారు. ఇన్నేళ్లలో నా స్క్రిప్టు వల్ల ఎవరి పనీ ఆగలేదంటే ఆ మాట చలవే.

దాని వెనక సంగతి నాకు ఉద్యోగం వచ్చాక ఆయనే చెప్పారు. హైదరాబాదులో ఓ కంపెనీలో ఉన్నప్పుడు, పరీక్షకు పెట్టుకున్న క్లస్టర్‌ను తుడిచేయబోతే ఆయన స్క్రిప్టు జనం వాడుతున్నదాన్ని తుడిచేసిందట. దాని మీదే పని నడిచే ఒక దవాఖానలో రోగులు సాయంత్రం దాకా చీటీల కోసం నిలబడిపోయారట. ఎవరూ పొమ్మనలేదు. ఆయనే రాజీనామా చేసి ఊరొచ్చేశారు. తర్వాత కంపెనీవాళ్లు మళ్లీ పిలిచినా, పిల్లలకు పాఠాలున్నాయని వెళ్లలేదు.

పోయిన ఎండాకాలం పరకాలలో చెల్లెలి ఇంట్లో ఉన్నారని తెలిసి చూడటానికి వెళ్లాను. కిడ్నీలు పాడై బాగా చిక్కిపోయారు. నా పని గురించి గుచ్చి గుచ్చి అడిగారు. ఉన్నట్టుండి, "వాళ్లు మల్ల పిలిచినప్పుడు పోవాల్సుండె" అన్నారు. పాఠాలు ఉన్నాయి కదా సార్ అన్నాను.

"పాఠాలు సాకు. భయపడ్డ బిడ్డా. మీకు జాగ్రత్త, జాగ్రత్త అని చెప్పుకుంట నా భయాన్ని దాసుకున్న."

ఆ మధ్యాహ్నం నేను నడపాల్సిన స్క్రిప్టు ఒకటి ఉంది, మా క్లస్టర్లో పాత కంటైనర్లను తీసి కొత్తవి పెట్టేది. లాప్‌టాప్ ఆయన ముందు పెట్టి, మీరే నడపండి సార్ అన్నాను. కళ్లద్దాలు పెట్టుకుని అంతా చదివారు. క్లస్టర్ పేరు సరిచూసుకున్నారు. ఏమేం పోతాయో స్క్రీన్ మీదికి తెప్పించుకున్నారు. వేలు ఎంటర్ మీదికి వెళ్లి ఆగిపోయింది.

"నువ్వే నొక్కు బిడ్డా" అని లాప్‌టాప్ నా వైపు జరిపారు.

నేనే నొక్కాను. ఇంకాసేపు ఆగి ఉంటే ఆయనే నొక్కేవారేమో. ఈసారి వచ్చినప్పుడు ఆయనతోనే నడిపిద్దామనుకున్నాను. ఆ ఈసారి రానేలేదు.

స్క్రీన్ మీద పాతవి ఒక్కొక్కటే పోయి కొత్తవి లేస్తుంటే, సార్ ముఖం దగ్గరగా పెట్టి ప్రతి కంటైనర్ పేరునూ పెదవులతోనే చదువుకున్నారు. ఆఖరిది లేచి నిలబడేదాకా మంచం పట్టెను పట్టుకున్న చెయ్యి వదల్లేదు.