మంద వెంట నడుస్తానన్న అత్త

మొన్న బొల్లారం నుంచి షేర్ ఆటోలో వస్తుంటే, కంపెనీలో డ్యూటీ దిగిన ఒక కొత్త జంట నా పక్కన ఇరుక్కుని కూర్చున్నారు. పిల్లాడిది బీహార్ అట, పిల్లది మన జోగిపేట. అతను హిందీలో ఏదో అంటే ఆమె తెలుగులో కసురుకుంటోంది, అయినా ఇద్దరికీ అంతా అర్థమవుతోంది. ఆటోలో ఎవరూ వాళ్లను వింతగా చూడలేదు. నేను మాత్రం పటాన్‌చెరు వచ్చేదాకా కుదురుగా కూర్చోలేకపోయాను. మా అత్త గుర్తుకొచ్చింది.

అత్త అంటే మా చిన్నమామ భార్య, జర్మనీ దేశస్థురాలు. డెబ్బైల మొదట్లో కరువు పడ్డప్పుడు సంగారెడ్డి దగ్గర ఒక మిషన్ దవాఖానాకు నర్సుగా వచ్చింది. మేము కురుమలం, లక్డారం పక్క ఊళ్లో మా అమ్మమ్మ ఇంటికి గొర్లే ఆస్తి, గొర్లే లోకం. కాలిలో తుమ్మముల్లు విరిగి చీము పట్టి చిన్నమామ ఆ దవాఖానాకు పోతే కట్టు కట్టింది ఆమే. ఆ కట్టు విప్పేనాటికి వీళ్లిద్దరికీ ఏ భాషలో మాటలు కలిశాయో నాకు ఈనాటికీ అంతుపట్టదు. ఎరువు కోసం రైతుల చేలల్లో మంద నిలిపిన చోటికి సాయంత్రాలు సైకిల్ మీద వచ్చి, ఆ గొర్ల మధ్యే కూర్చునేది. సంగారెడ్డిలో రిజిస్టర్ పెళ్లి చేసుకుని వస్తే అమ్మమ్మ కొన్నాళ్లు ముఖం తిప్పుకుని, చివరికి తానే కొత్త గొంగడి పరిచి, ఇద్దరినీ దానిమీద కూర్చోబెట్టి నుదుట పసుపు బండారి పెట్టింది.

దీపావళి దాటితే మా మగవాళ్లు మందలు తోలుకుని మంజీర ఒడ్డు వెంబడి మేతకు పోయేవారు, మళ్లీ తొలకరికే ఇల్లు చేరేవారు. ఆడవాళ్లు మంద వెంట పోయే ఆచారం మా ఇంట లేదు, ఇంటిపట్టున ఉండి ఉన్ని వడకడమే మా పని. అత్త మొదటి ఏడు ఎలాగో ఓర్చుకుంది. అమ్మమ్మ దగ్గరే పెరిగిన నాతోపాటు కూర్చుని ఉన్ని వడికేది, దారం తెగితే విసుక్కుని లేచి సడక్ దాకా పోయి వచ్చేది, వచ్చి కూర్చుని మళ్లీ లేచేది. ఆమెను చూస్తుంటే నాకూ ఒకచోట కాలు నిలిచేది కాదు. మరుసటి ఏడు దీపావళి కాగానే తన మూట తానే కట్టుకుని వాకిట్లో నిలబడింది.

"ఆడోళ్లు మందెంబడి పోతరా? మంది నవ్వరా?" అని అమ్మమ్మ గడపకు అడ్డం కూర్చుంది. కులపెద్దలూ వచ్చి అదే మాట అన్నారు. ఇటు తల్లికి, అటు భార్యకు చెప్పలేక చిన్నమామ నలిగిపోయాడు.

చివరికి తనకు తోచిన ఉపాయం చేశాడు. ఎవరితోనూ అనకుండా మందనంతా జోగిపేట అంగడికి తోలి అమ్మేసి, పటాన్‌చెరులో కొత్తగా లేచిన ఒక కార్ఖానాలో పనికి కుదిరాడు. ఖాకీ బట్టల్లో వచ్చి, "ఇగ రోజూ ఇంటికే వస్త, యాడికీ పోను" అని అత్తతో ఎంత సంబరంగా చెప్పాడో! మేమూ మురిసిపోయాం. మొగుడు రోజూ కళ్లముందుండే భాగ్యం మా ఇళ్లలో ఏ ఆడదానికి దక్కింది గనక?

అత్త గొర్ల దొడ్డి వైపు పోయి, ఖాళీ తడికలు చూసి అక్కడే నేల మీద కూలబడింది. మా దగ్గర నేర్చుకున్న మాటల్లోనే అంది. "ఇంట్ల ఉండనీకి నా దేశంల ఇల్లు లేదా? నీతోని నడుద్దామని వచ్చిన గదా."

చిన్నమామ ఖాళీ దొడ్డి తడికను దగ్గరికి లాగి మూశాడు. నాకు ఆయన మీద కోపం, జాలి ఒక్కసారే వచ్చాయి.

పటాన్‌చెరులో గది కిరాయికి తీసుకున్నారు. సైరన్ కూతకు ఆయన లేవడం, సైరన్ కూతకు ఇల్లు చేరడం. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు నిద్రపోయే మనిషి పక్కన ఆమె గోడ నుంచి గోడకు తిరుగుతూ ఉండేది. ఒకరినొకరు పరుషంగా అనుకోవడం నేనెన్నడూ వినలేదు. మళ్లీ కాసిన్ని గొర్లు కొని ఇద్దరం కలిసి పోదామని ఆమె అడుగుతూనే ఉంది, పర్మనెంట్ అయ్యాక చూద్దామని ఆయన అంటూనే ఉన్నాడు. పర్మనెంట్ అయ్యాడు. ఆ ఎండాకాలమే ఆమె వాళ్ల దేశానికి తిరిగి వెళ్లిపోయేందుకు ప్రయాణమైంది. బస్సు దగ్గర అమ్మమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఏడుస్తూ, "మందెంబడి పో బిడ్డా, ఇగ నేనేమన్న" అంది. పోవడానికి మంద ఏది?

ఇప్పుడా చేలన్నీ ఫ్యాక్టరీల ప్రహరీలు. ఆడపిల్లలు షిఫ్టులకు కంపెనీ బస్సుల్లో పోతుంటే ఏ గడపకూ ఎవరూ అడ్డం కూర్చోవడం లేదు, అది చూస్తే నాకు సంతోషమే, కానీ మాకెందుకు ఆలస్యమైందని ఉక్రోషమూ వస్తుంది. చిన్నమామ రిటైరయ్యేదాకా అక్కడే చేశాడు, మళ్లీ పెళ్లి మాట ఎత్తనివ్వలేదు. సెలవు రోజు వస్తే సంగారెడ్డి దాకా బస్సులో పోయి, అక్కణ్నుంచి మంజీర ఒడ్డుకు ఊరికే నడిచేవాడు. ఒకసారి నేనూ వస్తానంటే నడిచేవాడల్లా ఆగాడు.

"రా కోడలా," అన్నాడు. "రమ్మనుడు గింత అల్కటి మాట. అప్పుడు నా నోట్లకెళ్లి రాకపాయె."