స్తోత్రం పెద్దమ్మ

మా పెద్దమ్మను అసలు పేరుతో ఎవరూ పిలిచేవారు కాదు. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ స్తోత్రం పెద్దమ్మే. కుట్టు మిషను సూది విరిగితే, "స్తోత్రం, వేల్లో దిగలేదు" అనేది. కరెంటు పోతే ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, "స్తోత్రం, కాసేపు నడుం వాల్చొచ్చు" అనేది. ఒకసారి మెట్టు తప్పి పడి, లేవలేక అక్కడే కూర్చుని కూడా ముందు దేవుడికి స్తోత్రమే చెప్పింది. ఆ తర్వాతే మోకాలు చూసుకుంది.

పెద్దనాన్న దర్జీ. ముందు గది కొట్టు, వెనక రెండు గదులు ఇల్లు. పొడుగాటి బల్ల మీద ఆయన గుడ్డ పరిచి, సుద్దతో గీతలు గీసి, కత్తిరించి ఇచ్చేవారు. పెద్దమ్మ కిటికీ పక్కన కూర్చుని కుట్టేది, కాజాలు తీసేది, బొత్తాలు వేసేది. చేతులు ఆడుతున్నంతసేపూ ఏదో ఒక కీర్తన సన్నగా సాగుతూనే ఉండేది. మిషను జోరందుకుంటే కీర్తన కూడా జోరందుకునేది. బడి తెరిచే రోజుల్లో యూనిఫారాల తొందరలో ఆవిడ పాడే పాట ఏదో పోల్చుకోవడం కష్టమే.

ఆ ఇంట్లో మూడో మనిషి మా నాన్నమ్మ. ఆవిడకి ఏదీ ఒక పట్టాన నచ్చదు. ఎండ కాస్తే మాడిపోతున్నానంటుంది, వాన పడితే నానిపోతున్నానంటుంది. చర్చి నుంచి వచ్చీ రాగానే ప్రసంగం పొడుగైందనో, బెంచీ గట్టిగా ఉందనో మొదలుపెట్టేది. అత్తాకోడళ్ల నడుమ పెద్దనాన్న నవ్వుకుంటూ కత్తెర ఆడించేవారు.

"మా ఇంటి పుణ్యమా అని దేవుడికి రెండు చెవులకీ పనే," అనేవారు. "ఒక చెవికి స్తోత్రం, రెండో చెవికి సణుగుడు."

వాళ్లకి పిల్లలు లేరు. ఒకసారి కడుపు నిలిచి, నెలలు నిండకుండానే పోయింది. అప్పటికే పుట్టబోయే బిడ్డకని పెద్దమ్మ మెత్తటి గుడ్డతో చిన్న చిన్న చొక్కాలు కుట్టి పెట్టుకుందట. ఆ ఏడాదే నేను పుట్టాను. ఆ చొక్కాలన్నీ ఉతికి, ఇస్త్రీ చేసి, మా ఇంటికి తెచ్చి నాకు తొడిగిందని అమ్మ చెప్పింది. అలా ఇవ్వకూడదని నాన్నమ్మ గొడవ చేసిందట. పెద్దమ్మ వినలేదట. మాకూ వాళ్లకీ మధ్య ఉన్నది ఒక్క గోడే కాబట్టి నేను సగం ఆ ఇంట్లోనే పెరిగాను.

నేను పెద్ద తరగతులకి వచ్చిన వేసవిలో, పెద్దనాన్న బల్ల దగ్గర నిలబడి ఉండగానే కత్తెర చేతిలోంచి జారింది. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట ముద్దయింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన వెనక గదిలో పడుకోనన్నారు. మంచం కొట్టులోనే, బల్లకి ఎదురుగా వేశాం. వీధి చూస్తూ పడుకునేవారు గానీ ముఖంలో ఏ కదలికా ఉండేది కాదు. స్నేహితులు వచ్చి పలకరిస్తే కళ్లు మూసుకునేవారు.

బల్ల మీద కత్తిరించాల్సిన గుడ్డ పేరుకుపోయింది. కుట్టడమే గానీ పెద్దమ్మకి కత్తిరించడం రాదు. కొన్నాళ్లు చూసి, ఇక తప్పదని కత్తెర పట్టుకుంది. ఆయన మంచం మీద నుంచే ఎడమ చేత్తో గాలిలో గీతలు గీసి చూపించేవారు. ఒక ముద్ద మాట, ఒక సైగ. దాన్ని పట్టుకుని ఆవిడ కొలత పెట్టేది. అలా ఇద్దరూ కలిసి మొదటి చొక్కా పూర్తి చేశారు.

నాన్నమ్మ దాన్ని అందుకుని, వెలుతురుకి పెట్టి, తిప్పి తిప్పి చూసింది.

"ఇదెవరికే? రెండూ ఎడమ చేతులే ఉన్నవాడు మన వీధిలో ఉన్నాడా?"

గుడ్డ మడత వెయ్యకుండా విడివిడిగా కత్తిరించడంతో చొక్కాకి రెండు చేతులూ ఎడమవే పడ్డాయి. పెద్దమ్మ ముఖం పాలిపోయింది. అంతలో మంచం మీద నుంచి ఏదో చప్పుడు. ఆయనకి మళ్లీ ఏమైనా అయిందేమోనని అందరం కంగారు పడ్డాం. తీరా చూస్తే పెద్దనాన్న నవ్వుతున్నారు. మూతి ఒక పక్కకి పోయిన నవ్వు. ఆగడం లేదు. కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. పెద్దమ్మ ఆ చొక్కాతోనే ఆయన కళ్లు తుడిచింది.

"పోతే గుడ్డ పోయింది. నవ్వు తిరిగొచ్చింది. స్తోత్రం," అంది.

ఆ తర్వాత కొన్నేళ్లు ఆ కొట్టు అలాగే నడిచింది. ఆయన చూపు, ఆవిడ చెయ్యి. సాయంత్రాలు ఆయన్ని కుర్చీలో గుమ్మం దగ్గర కూర్చోబెట్టి గడ్డం గీసేది. ఆ ఇంట్లో నేను చూసిన సంతోషమైన రోజులేవంటే నాకు అవే గుర్తొస్తాయి.

పెద్దనాన్న ఒక వాన పొద్దున నిద్రలోనే పోయారు. సమాధి చేసి వచ్చిన మర్నాడే పెద్దమ్మ మిషను ముందు కూర్చుంది. పని చేసింది, వంట చేసింది, వచ్చిన వాళ్లకి టీ ఇచ్చింది. పాట మాత్రం లేదు. ఆ మాటా లేదు. గోడకి ఇవతల మిషను చప్పుడొక్కటే వినిపిస్తుంటే మా అమ్మ పని మధ్యలో ఆగి వినేది, మళ్లీ పనిలో పడేది.

సంఘంలో ఆడవాళ్లు పరామర్శకి వచ్చారు. వాళ్లలో ఒకావిడ, ఇలాంటప్పుడే కదా స్తుతించాలి, మాకు మీరే నేర్పారు కదక్కా అంది.

పెద్దమ్మ దారం తెంపి తలెత్తింది. "నేర్పానమ్మా. ఇప్పుడు నాకే నోరు రావట్లేదు. దేవుడి ముందు అబద్ధం చెప్పలేను."

వాళ్లతో వచ్చిన పాస్టరమ్మ మిగతా అందరినీ పంపించి, తను ఉండిపోయింది. ఓ సూది అడిగి తీసుకుని, పొద్దు వాలేదాకా పెద్దమ్మ పక్కన కూర్చుని బొత్తాలు కుట్టింది. ఒక్క బైబిలు వాక్యం కూడా చెప్పలేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం నేను మా ఇంటి నుంచి కూర తీసుకెళ్లాను. అత్తాకోడళ్లు కంచాల ముందు కూర్చున్నారు. భోజనానికి ముందు ప్రార్థన చేసేది ఎప్పుడూ పెద్దమ్మే. ఆవిడ తల వంచుకుంది గానీ పెదవి కదలలేదు. నేను గిన్నె పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను.

అప్పుడు నాన్నమ్మ గొంతు సవరించుకుంది. ఆవిడ పైకి ప్రార్థన చెయ్యగా అంతకుముందు నేనెప్పుడూ వినలేదు.

"ప్రభువా," అంది, "నా కొడుకుని తీసుకున్నావు. నాకు కోపంగానే ఉంది. కోడలికి నోరు రావట్లేదు. దాని వంతు కూడా నేనే చెప్తున్నా, విను. ఈ పూటకి తిండి ఉంది. పక్కన ఇది ఉంది. స్తోత్రం." కోడలి వైపు తిరిగింది. "ఆమెన్ అనవే, చల్లారిపోతోంది."

పెద్దమ్మ ఆమెన్ అనబోయి భోరుమంది. సమాధి దగ్గర కూడా అంతగా ఏడవలేదు. నాన్నమ్మ ఎడమ చెయ్యి ఆవిడ వీపు మీద వేసి, కుడి చేత్తో తన కంచంలో కలుపుతూ కూర్చుంది.

ఆ రోజు నుంచి భోజనం ప్రార్థన నాన్నమ్మదే. స్వభావం ఎక్కడికి పోతుంది? ఉప్పు తక్కువైందని ముందు దేవుడికి చెప్పి, అయినా స్తోత్రం అనేది. పెద్దమ్మకి పాట కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది. మొదట రాగం, చాలా రోజులకి మాటలు. స్తోత్రం అన్న మాట మటుకు ఇదివరకటిలా ప్రతిదానికీ అనదు. అన్నప్పుడు మనం చేస్తున్న పని ఆపి వింటాం.

మొన్న వెళ్లినప్పుడు అడిగాను, ఇంత తృప్తి నీకు పుట్టుకతోనే వచ్చిందా పెద్దమ్మా అని. ఇప్పుడు అందరూ రెడీమేడ్ బట్టలే కొంటున్నారు. కొట్టుకి వచ్చేవి చిరుగులు, బిగుతులు, పొట్టయిపోయిన గౌన్లు. ఒక గౌను అంచు విప్పుతూ నవ్వింది.

"లేదే పిచ్చిదానా. బైబిల్లో అపొస్తలుడంతటివాడే తృప్తిగా ఉండడం నేర్చుకున్నానన్నాడు. నేర్చుకున్నానంటే, అంతకుముందు రాదనేగా? నాకింకా పూర్తిగా రాలేదు. మీ పెద్దనాన్న మీద బెంగ వస్తే రెండు రోజులు మంచం దిగను. అప్పుడు మీ నాన్నమ్మ చూసుకుంటుంది, తన మోకాళ్లు పట్టేసినప్పుడు నేను చూసుకుంటాను."

లోపలి నుంచి నాన్నమ్మ, మాటలు చాలించి ఆ తలుపెయ్యండి, చలిగాలి కొడుతోందని కేకేసింది. పెద్దమ్మ గౌను నా ఒళ్లో పెట్టి, తలుపు వెయ్యడానికి లేచింది.