మిద్దెకెక్కాల్సిన చౌడు

నేను మూడో ఫారంతో చదువు చాలించాను. ఆ మూడో ఫారాన్నే రెండేళ్లు చదివాను కాబట్టి నాలుగో ఫారం పాసైనట్టేనని మా నాయనతో వాదించి చూశాను. ఆయన లెక్క వేరే. అంతమాత్రం చదువుతోనే నంద్యాల ఫాదర్ల బడికి ఒకసారి చరిత్ర రాశాను. రాసిందీ నేనే, సభలో చదివిందీ నేనే. ఆ తర్వాత అలాంటి పని నాకెవరూ చెప్పలేదు.

కర్నూలు రాజధానై ఏడాది దాటిన రోజులవి. ఆళ్లగడ్డ నుంచి బస్సులో ట్రంకుపెట్టెతో వచ్చి బోర్డింగులో ఉండేవాణ్ణి. అది మగపిల్లల బడి. ఎప్పుడో విదేశాల నుంచి వచ్చిన తెల్ల ఫాదరు ఒకాయన కట్టించాడు. నాపరాతి గోడలు, పైన మట్టి మిద్దె, ముందర పెద్ద మైదానం. ఆ మైదానంలో ఒక మూల, నాలుగు బండ్లు నిలిపేంత జాగాలో మాత్రం గడ్డిపోచ మొలిచేది కాదు. చుట్టూ వానాకాలం పచ్చగా కమ్ముకున్నా ఆ జాగా మంగలి చేతిలో పడ్డ తల మాదిరి నున్నగా ఉండేది.

ఎందుకన్నదానికి పిల్లల్లో ఒక్కొక్కరిదీ ఒక్కో కథ. పాత బావి పూడ్చారని కొందరు, సమాధి ఉందని కొందరు. శిక్ష పడ్డవాళ్లను అక్కడే మోకాళ్ల మీద నిలబెడతారు కాబట్టి గడ్డి నలిగి చచ్చిందని నా వాదన. అనుభవం కొద్దీ చెప్పిన మాట కనుక కొంత విలువ ఉండేది.

హెడ్మాస్టరు ఫాదరు దగ్గర దీనికి వేరే జవాబుంది. ఏటా బడి వార్షికోత్సవంలో ఆయన ఇంగ్లీషులో ఒక కాగితం చదివేవారు. స్థాపకులు గడ్డిపోచ మొలవని చవిటి నేలను ఎంచుకుని అందులో విద్యాబీజం నాటారని దాని సారాంశం. ఆ ఏడు బిషప్పుగారు వస్తున్నారు, తల్లిదండ్రులకు కూడా అర్థం కావాలి, తెలుగులో చదివించాలనుకున్నారు. నా గొంతు పెద్దది. పైగా అర్ధసంవత్సర పరీక్షలో లెక్కల్లో తప్పి ఆయన ఎదుట నిలబడి ఉన్నాను. ఆయన తెలుగును పుస్తకాల్లోంచి నేర్చుకున్న దొర. వంటమనిషితో సైతం గ్రాంథికమే.

"నీవు స్థాపకుల చరిత్రను చక్కగా రచించి చదివినచో, నీ ఉత్తీర్ణతను గూర్చి నేను ఆలోచించెదను," అన్నారు.

రాయడానికి కూర్చుంటే ఒక సందేహం వచ్చి పట్టుకుంది. నేలంతా చవిటిదైతే మిగతా మైదానంలో గడ్డి ఎందుకు మొలుస్తోంది? చవిటి నేల నాలుగు బండ్లంత కొలత పెట్టుకుని మరీ ఉంటుందా?

ఆ సందేహంతోనే క్రిస్మస్ సెలవులకు ఆళ్లగడ్డ వెళ్లి మా నాయననడిగాను. ఆయన నవ్వి, మన వీధి చివర ఉండే బేల్దారి తాతనడుగు, ఆ బడి మిద్దె కట్టింది అతనే, కార్చిందీ అతనే అన్నాడు. అప్పుడు వెలిగింది. మా ఊళ్లో ఎవరి ఇల్లు కురిసినా "ఫాదర్ల మిద్దె మాదిరి కారతాంది" అనేవాళ్లు. అది ఏ ఫాదర్లో, ఏ మిద్దో నేనెన్నడూ ఆలోచించలేదు. ఆ తాత గోడలు కట్టడం చూశాను. మిద్దె వేయడం చూడలేదు. ఎవరూ ఆయనకు ఆ పని ఇవ్వరు.

మా వైపు మిద్దె సంగతి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. దూలాలు, కట్టెలు, నాపబండలు, మన్ను, వీటన్నిటి పైనా ఆఖరుకు జానెడు మందాన చౌడు పరుస్తారు. తెల్లగా, ఉప్పగా ఉండే మన్ను అది. అది పడిందంటే వాన చుక్క కిందికి దిగదు. అదే చౌడు చేనులో పడితే గింజ మొలవదు. మిద్దెకు దేవుడు, చేనుకు దయ్యం.

తాత తన ఇంటి అరుగు మీద కూర్చుని తాపీని తోముతున్నాడు. బడి చరిత్ర రాస్తున్నానని చెప్పి, మిద్దె ఎందుకు కారిందని అడిగాను.

"కారిందంట గదా అని అందరూ అడిగిరి," అన్నాడు. "యెందుకు కారె అని ఒగడడగలే. నువ్వే అడుగుతాండావ్."

ఆయన చెప్పింది ఇది. బండలు పరిచి మన్ను వేయడం అయిపోయింది. కుందూ ఏటి వైపు నుంచి పన్నెండు బండ్ల చౌడు తోలించి మైదానం మూలన పోయించాడు. ఇంతలో మా ఊళ్లో జాతర వచ్చింది, కూలీలందరితో పాటు ఆళ్లగడ్డకు వచ్చేశాడు. స్థాపకుడైన ఫాదరుకు తోటల పిచ్చి. తన దేశం నుంచి విత్తనాలు కూడా తెచ్చుకున్నాడు. పొద్దున లేచి చూస్తే పిండిలాంటి తెల్ల మన్ను కుప్పలు. తన తోటకని ఊరివాళ్లు మంచి మన్ను తెచ్చి పోశారనుకున్నాడు. మనుషులను పెట్టి ఆ జాగా అంతా పరిపించి, పేడ ఎరువు కలిపి, విత్తనాలు చల్లి, రోజూ నీళ్లు పట్టాడు.

"నేనొచ్చేతలికి సామి కుండతో నీళ్లు పోస్తాండాడు," అన్నాడు తాత. "సామీ, అది మిద్దెకప్పా, మడికి గాదు అంటి. తల పట్టుకునె పాపం. ఆ మాపే మబ్బు పట్టె. కొత్త చౌడు తెచ్చే వరకు ఆగుదామంటే ఆగలే. ఆ పేడ మన్నే గీరి పైకెత్తమనె. వద్దంటి. ఇనలే."

ఎరువు కలిసిన చౌడు వానకు ఆగలేదు. మొదటి తరగతిలో మొదటి పిల్లలు గొంగళ్లు కప్పుకుని అక్షరాలు దిద్దారు. కింద తోట మూలలో మన్ను గీరేసినా ఉప్పు నేలలోకి దిగిపోయి ఒక్క ఆకు మొలవలేదు గానీ, కార్తీకం వచ్చేసరికి మిద్దె మీద గుమ్మడి తీగ పాకి చూరు దాకా కాయలు వేలాడాయట. గుమ్మడికాయల దగ్గర నాకు కొంచెం అనుమానం వచ్చింది. అయినా ఉండనిచ్చాను.

మరి అప్పుడే అందరికీ చెప్పలేకపోయావా తాతా అన్నాను.

"సామి మీద చెప్తే పాపమనిరి. ఆయప్పకు మనసులో ఉండె. నా చేతులు పట్టుకోని మన్నించమనె. అయితే వాళ్ల బాసలో అనె. ఊర్లో సాచ్చికానికి యేం పనికొచ్చాది?" మరుసటి ఏడే ఆ ఫాదరును వేరే ఊరికి మార్చారట. తాత తాపీని పక్కన పెట్టాడు. "నేను పోయేలోపల ఒగ మిద్దె ఎయ్యాలప్పా. నువ్వు రాయి. నేనొచ్చి ఇంటా."

తిరిగొచ్చాక సరిచూసుకుందామని మైదానంలో బట్టతల జాగా మన్ను నాలుక మీద వేసుకున్నాను. ఉప్పన. పది బారలు అవతలి మన్ను వేసుకున్నాను. మామూలు మన్ను రుచి. తెలుగు అయ్యవారు చూసి, బోర్డింగులో అన్నం సరిపోవడం లేదా అన్నారు. విషయం చెప్పాను. చాలాసేపు నవ్వి, ఫాదరు రాయమన్నదే రాయి, పాసై పో అని సలహా ఇచ్చారు. మంచి సలహానే. అందుకని విద్యాబీజం ఉన్నది ఒకటి రాసి హెడ్మాస్టరుకు చూపించాను. చౌడు ఉన్నది ఇంకొకటి రాసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఏది చదవాలో సభ రోజు దాకా తేల్చుకోలేదు.

ఆ రోజు తాత మొదటి బస్సుకే దిగాడు. తెల్ల తలపాగా, కొత్త పంచ. ముందు వరస చాప మీద, సరిగ్గా నా ఎదురుగా కూర్చున్నాడు. బిషప్పుగారి కంటే ఆయనే పెద్దగా కనిపించాడు నాకు. చేయి జేబులోకి పోయింది.

చదువుతూ ఫాదరు తోట సంగతి దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి నవ్వులు మొదలయ్యాయి. గుమ్మడికాయల దగ్గర తల్లులు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. హెడ్మాస్టరు నవ్వలేదు. చదవడం పూర్తవగానే లేచి నిలబడ్డారు. 

"పెద్దాయనా, ఇది సత్యమేనా?" అని తాతనడిగారు.

తాత లేచాడు. "సత్తెమే సామీ. మిద్దె నేను కట్టినా. చౌడు సామి పరిచె, యాడ పరచగూడదో ఆడ."

బిషప్పుగారు తెలుగు బాగా తెలిసిన మనిషి. ముందు ఆయనే నవ్వారు.

మర్నాడు నా వంతు. "నీవు నాకు చూపినది వేరు, చదివినది వేరు," అన్నారు హెడ్మాస్టరు. అవునండి అన్నాను. ఆయన నా ఉత్తీర్ణతను గూర్చి ఆలోచించడం మానుకున్నారు. లెక్కలు తమ పని తాము చేశాయి. ఏప్రిల్‌లో రెండోసారి కూడా తప్పాను. సేద్యానికి ఒక మనిషి తక్కువున్నాడు, రా అన్నాడు నాయన.

మే నెలలో టీసీ తెచ్చుకోవడానికి బడికి పోతే, మిద్దె మీద తాత ఉన్నాడు. వానలకు ముందు కొత్త చౌడు పరవడానికి హెడ్మాస్టరే ఆళ్లగడ్డకు కబురు పంపించారట. కింద ఆయన తల ఎత్తి నిలబడి ఉన్నారు. చుట్టూ ఇరవై మంది కూలీలు. తాత పాత చౌడును మడమతో తట్టి, నాలుగడుగులు వేసి, మళ్లీ తట్టాడు.

"ఎవడప్పా దీన్ని పరిచింది? వాలు లేదు, వాటం లేదు. ఎద్దులతో దున్నించినట్టుండాది."

పోయిన సారి గోస్పాడు బేల్దారి వేశాడని హెడ్మాస్టరు చెప్పారు.

"గోస్పాడోడా," అన్నాడు తాత, అందరికీ వినపడేటట్టు. "వానికి మిద్దెలేం తెలుసు సామీ? గోడలు పెట్టుకోమను."

కూలీలు నవ్వారు. వాళ్లలో ఇద్దరిది గోస్పాడే. ఆ మాట సాయంత్రానికల్లా ఊరు చేరుతుందని నాకు తెలుసు. పాపం ఆ బేల్దారిని కూడా ఎవరైనా పోయి అసలేం జరిగిందని అడగాలి. కానీ నా చేతిలో అప్పటికే టీసీ ఉంది, బస్సుకు వేళయింది.