శీనయ్య నోరు మూసుకున్న నిమిషం

ఎనిమిదేళ్ల కిందట, మాఘమాసం చివర్లో, ముత్తుకూరు దాటి సముద్రం ఒడ్డునున్న ఒక పాలెంలో నాకు ఇరవై రోజుల పని పడింది. నా హోదా లొకేషన్ సౌండ్ రికార్డిస్టు. నా కింద బూమ్ ఆపరేటరు భాస్కర్. పొడవాటి కర్ర చివర మైకు కట్టి నటుల తలల మీదుగా పట్టుకునేవాణ్ణి బూమ్ ఆపరేటరంటారు. భాస్కర్ నాతో పదిహేనేళ్లు పనిచేశాడు. నా కోపం నాకంటే ముందే కనిపెట్టేవాడు.

మన సినిమాల్లో సౌండ్ వాడి బతుకు ఏమిటో ముందు చెప్పాలి. షూటింగులో పట్టిన మాటల్ని ‘పైలట్’ అంటారు. తర్వాత స్టూడియోలో డబ్బింగు చెప్పుకోవడానికి అది దారి చూపిస్తే చాలు, ఆ పైన చెత్తబుట్టలోకే. పట్టిన మాటలే తెరమీద వినపడేటట్టు తీస్తామని ఎవరైనా దర్శకుడు అంటే మాకు పండగ. ఈ దర్శకుడు అలా అన్నాడు. అందుకే ఆ ఇరవై రోజులూ నేను పిచ్చిపట్టినవాడిలా పనిచేశాను. మాది బుచ్చిరెడ్డిపాలెం. సొంత జిల్లాలో, సొంత యాసలో, నిజమైన గొంతులతో ఒక సినిమా చేసి రిటైరైపోవాలని నా ఆశ.

మాది పొట్టి అక్షరాల భాష. ప్రతి టేకు పక్కనా సౌండ్ రిపోర్టు అనే కాగితం మీద రెండు మూడు అక్షరాలు రాస్తాం. టేకు చెడితే ఎన్.జి. కెమెరా లేకుండా శబ్దం ఒక్కటే విడిగా పడితే డబ్ల్యూ.టి. బొమ్మ తీసి శబ్దం అసలు పట్టకపోతే ఎం.ఓ.ఎస్. ఆ మూడక్షరాలు ఎక్కణ్ణుంచి వచ్చాయో మా గురువుగారికే తెలీదు, అడిగితే కసురుకునేవారు. చివరిది ఆర్.టి. అంటే, గది ఊరికే ఉన్నప్పుడు వినిపించే శబ్దం. ఖాళీ గదైనా ఏదో ఒకటి వినిపిస్తూనే ఉంటుంది, ఏ రెండిళ్లలోనూ అది ఒకటిగా ఉండదు. మాటకీ మాటకీ మధ్య అతుకులు తెలియకుండా ఎడిటరు దాన్ని పరుస్తాడు. అందుకని ప్రతి చోటా పని ముగించేముందు అందరం ఉన్నచోటే కదలకుండా నిలబడి ఒక నిమిషం పడతాం. ఒక్కరు బయటికి పోయినా గది శబ్దం మారిపోతుంది.

సినిమాలో ఇల్లుగా వాడింది శీనయ్య, రమణమ్మ దంపతుల ఇల్లు. శీనయ్యకి అప్పుడు యాభై దాటి ఉంటాయి. అలివి వల లాగేటప్పుడు కేక వేసేది ఆయనే. అలివి వల సంగతి తెలియనివాళ్లకి చెబుతాను. వలను పడవలో తీసుకుపోయి సముద్రంలో అర్ధచంద్రంగా దించి, రెండు తాళ్లూ ఒడ్డుకు తెస్తారు. ఒక్కో తాటికి ఇరవై మంది, మధ్యలో చాలా ఎడం. రెండు జట్లూ ఒక్క ఊపున లాగాలి. ఆ ఊపు ఇచ్చేది శీనయ్య గొంతు. అలల మోతను చీల్చుకుని అవతలి జట్టుదాకా పోయేది.

అవతలి జట్టుదాకానే కాదు, నా మైకులోకి కూడా వచ్చేది. హీరోయిన్ కళ్లనీళ్లు పెట్టుకుని మెల్లగా ఒక మాట అంటుంది, ఆ మాట మీద శీనయ్య కేక. ఎన్.జి. మళ్లీ తీస్తాం, మళ్లీ కేక. మళ్లీ ఎన్.జి. పక్కన కారణం రాయాలి గనుక ‘గొంతు’ అని రాసేవాణ్ణి. మూడో రోజుకి నాకు తిక్క రేగి ఇసకలో పరుగెత్తుకుంటూ పోయాను.

"ఏమయ్యా, కాసేపు నోరు మూసుకోలేవా?" అన్నాను.

ఆయన తాడు వదలకుండానే నవ్వాడు. "నేను నోరు మూస్తే వల ఆగదు సారూ. అటు తాడు ముందొచ్చి ఇటు తాడు ఎనకబడిందనుకో, చేపంతా పక్కనించి పోతాది. మీకొక టేకు పోతే ఇంకోటి ఉండాది. మాకు ఆ చేప మళ్లా రాదు."

ఇసక తన్నుకుంటూ వెనక్కొచ్చి మేనేజరు మీద అరిచాను. చివరికి మేనేజరు మధ్యలో దూరి, మా షాట్లున్న పూట వల వేరేచోట దించేటట్టు ఒప్పించాడు. శీనయ్య అప్పటికీ ఇంటికొచ్చి ముంతెడు మజ్జిగ నా చేతికిచ్చి, "తాగు సారూ, గొంతు చల్లబడతాది" అని ఎగతాళి చేసేవాడు.

పద్దెనిమిదో రోజు, వల లాగడమే ఒక దృశ్యంగా తీశారు. ఆ పాలెం మొత్తం తాడు పట్టింది. శీనయ్యని నడి ఒడ్డున నిలబెట్టారు. దీని మీద పాట వస్తుంది, సౌండ్ అక్కర్లేదు అన్నాడు దర్శకుడు. భాస్కర్ నా పక్కకొచ్చి, "సార్, ఎటూ వచ్చాం గదా, ఆయన కేకలు డబ్ల్యూ.టి. పట్టి పెట్టుకుందాం. ఇట్టాంటి గొంతు మళ్లీ దొరకదు" అన్నాడు.

"ఆ గొంతు విని విని నా చెవులు దిబ్బడేసినాయి. ఎం.ఓ.ఎస్. రాసెయ్" అన్నాను. పందిట్లో కూర్చుని టీ తాగుతూ, మైకులన్నీ పెట్టెలో పెట్టించి, ఆయన కేక వేస్తుంటే చూశాను. వినలేదు.

ఆఖరి రోజు పొద్దున శీనయ్య ఇంట్లోనే ఆర్.టి. పట్టాం. ఇంటివాళ్లిద్దరూ లోపలే చిక్కుకుపోయారు. రమణమ్మ పొయ్యి దగ్గర, ఆయన గుమ్మంలో. ఒక్క నిమిషం ఊపిరి తప్ప ఏదీ వినపడకూడదని గట్టిగా చెప్పాను. శీనయ్య భుజం మీది తువ్వాలు తీసి నోట్లో కుక్కుకున్నాడు. భాస్కర్‌కి నవ్వాగక బూమ్ కర్ర వణికింది. నేను చెయ్యి పైకెత్తాను. నిమిషం గడిచింది, చెయ్యి దించాను. దించాక కూడా రికార్డరు పది పన్నెండు సెకన్లు నడవనివ్వడం నా అలవాటు. చివర ఒక తోక మిగిలితే ఎడిటరుకి పట్టు దొరుకుతుంది. తోకలో అలికిడి అయిందని చిరాకుపడ్డాను గానీ, నిమిషం శుభ్రంగా వచ్చింది కదా అని ఓకే రాశాను.

ఆ సాయంత్రమే ఎన్.జి. టేకులన్నీ చెరిపేశాను. డిస్కులో చోటు చాలదు. పనికిరానిది దాచుకునే అలవాటు నాకు లేదు. ఆ తర్వాత కొన్ని నెలలకి, నిర్మాతకి భయం పట్టుకుని సినిమా మొత్తం డబ్బింగు చెప్పించేశాడు. నా ఇరవై రోజులూ పైలట్ అయిపోయాయి. ఏ సినిమా కోసం శీనయ్య నోరు మూయించానో ఆ సినిమాకే అది అక్కర్లేకపోయింది. నేను ఇంకొక్క సినిమా చేసి, ముఖం మొత్తి, నెల్లూరొచ్చి స్థిరపడ్డాను.

పోయిన చలికాలంలో ఒక ఉదయం తలుపు తీస్తే గుమ్మంలో రమణమ్మ, వెనక శీనయ్య. మనిషి సగమయ్యాడు. మెడ కింద చిన్న గుడ్డ కట్టుకుని ఉన్నాడు. నేను "బాగున్నావా శీనయ్యా" అంటే తలాడించి నవ్వాడు, మాట్లాడలేదు.

"గొంతులో గడ్డ లేసిందన్నా" అని రమణమ్మే చెప్పింది. "మనిషి దక్కాలంటే గొంతు తీసెయ్యాలన్నారు. తీసేసినారు. ప్రాణానికేం బయం లేదు. ఇప్పుడు వల కాడ తువ్వాలు ఊపతాడు, దాన్ని జూసి లాగతారు."

కుర్చీ జరిపి కూర్చోమన్నాను. ఆమె కూర్చోలేదు.

"ఇంట్లో ఈయన గొంతు యాడా లేదన్నా. మా పెద్దోడి పెళ్లి వీడియో ఉండాది గానీ దాని మింద అంతా సినిమా పాటలే ఏసేసినారు. సినిమాలో ఉంటాదేమోనని చూసినాం, ల్యా. నీ పెట్టెల్లో యాడన్నా ఉంటాదేమో చూడన్నా. రోజూ ఎదురుగా కూసోని అన్నం తినే మనిషి, ఆ గొంతు నాకు మరుపొస్తా ఉండాది. పిలస్తే ఎట్టుండేదో తలుచుకుంటే రావడంల్యా. నాకు బయంగా ఉండాదన్నా."

శీనయ్య చెయ్యి ఊపాడు, పోనీలే అన్నట్టు. ఆమె వినిపించుకోలేదు.

వాళ్లని కూర్చోబెట్టి లోపలికి పోయి డిస్కులు, రిపోర్టుల ఫైలు తీశాను. కాగితాలు తిప్పుతుంటే నా చేతిరాతే నన్ను కొట్టింది. ఎన్.జి., గొంతు. ఎన్.జి., గొంతు. పేజీల కొద్దీ. అన్నీ నేనే చెరిపాను. వల దృశ్యం పక్కన ఎం.ఓ.ఎస్. డబ్ల్యూ.టి. ఒక్కటీ లేదు. మనిషి ఇరవై రోజులు నా చెవిలో అరిస్తే, ఒక్క అరుపూ మిగల్చలేదు. నా మీద నాకు అసహ్యం వేసింది.

ఓకేలన్నీ వింటూపోయాను, లేదు. ఆఖరికి ఆర్.టి. ఒక్కటే మిగిలింది. ఎన్నో ఇళ్ల గది శబ్దాలు నా దగ్గర పోగయ్యాయి. ఆ పిచ్చి చూసి మా ఆవిడ నవ్వేది. ఆశ లేకుండానే అది పెట్టాను. దూరంగా అలలు, చూరులో గాలి, ఒక కాకి, రమణమ్మ గాజులు ఒక్కసారి. నిమిషం అయింది. తర్వాత తోక.

నేను రికార్డరూ హెడ్‌ఫోనూ తీసుకుని బయటికి వచ్చి, మళ్లీ మొదటినుంచి నడిపి రమణమ్మ చెవులకి పెట్టాను. చెయ్యి పైకెత్తాను. ఎందుకెత్తానో తెలీదు, అలవాటు. ఆమె బిగుసుకుపోయి నిలబడింది. ఎదురుగా శీనయ్య కూడా కదలలేదు. నిమిషం గడిచాక ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత హెడ్‌ఫోను తీసి ఆయనకి పెట్టింది. ఆయనా నిమిషం మొత్తం విన్నాడు. ఆఖర్న తన గొంతు తనకి వినిపించింది.

"అయిపోయినాదా సారూ? ఇంక నోరు తెరవొచ్చునా? మేయ్ రమణా, కూడు పెట్టు, ఆకలి దంచతా ఉండాది."

అంతే ఉంది. శీనయ్య భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో చప్పుడు లేదు గనుక నాకు తెలియలేదు. ఒక వేలు ఎత్తి చూపించాడు, ఇంకొక్కసారి అని.

ఆమె ఫోనులోకి ఎక్కిస్తూ, ముందరి నిమిషం కోసేసి మాట ఒక్కటే ఇస్తానన్నాను.

"వద్దన్నా, ఉండనీ. మాట్లాడాలని ఉగ్గబట్టుకోని ఉండాడు గదా ఆడ. అది గూడా ఈయనే" అంది.

నలభై ఏళ్లు చెవులతో బతికినవాణ్ణి, ఆ నిమిషంలో ఆయన ఉన్నాడని ఆమె చెప్పేదాకా నాకు వినపడలేదు. ఈ మధ్య సౌండ్ నేర్చుకునేవాళ్లు కొందరు వచ్చి ఏదైనా చెప్పమంటే రెండు ముక్కలే చెబుతున్నాను. ఎన్.జి. అంటే ఆ షాటుకి పనికిరాదని మాత్రమే అర్థం, చెరపకండి. మైకు పెట్టెలో పెట్టేముందు ఎదురుగా ఉన్న మనిషిని ఒకసారి వినండి. వల దృశ్యం రిపోర్టు ఇప్పటికీ నా ఫైల్లోనే ఉంది. ఎం.ఓ.ఎస్. అని రాసి, కింద నా సంతకం.