జాతే, జాతే అన్న అవ్వ

మొన్న మా తమ్ముడి కూతురు వచ్చి కబురు చెప్పింది. బాన్సువాడ వైపు ముసలివాళ్ళను ఉంచుకునే ఒక ఆశ్రమంలో దానికి పని దొరికిందట. అక్కడ మతిమరుపు ముదిరిన ఒకామె పొద్దంతా ఒకే మాట అంటుందట, దానికి అర్థమేమీ లేదట. అర్థం లేదని ఎవరు చెప్పారే అని గట్టిగానే అడిగాను. పాపం, పిల్ల బిత్తరపోయింది. నా కోపం దాని మీద కాదు.

నిజాంసాగర్ కాలువకు నీళ్ళొచ్చిన కొత్తలో, బాన్సువాడలో మా ఇంటి వెనుక పొడుగాటి పెంకుటింట్లో మా పెదనాయన దిక్కులేని అవ్వలను నలుగురిని పెట్టుకుని సాకేవాడు. నాకప్పుడు పదకొండేళ్ళు. బడికి పంపక నాయనే ఇంట్లో అక్షరాలు నేర్పాడు గనుక, చదువు కాగానే వాళ్ళ దగ్గరికే పరుగెత్తేదాన్ని. ఒకామె తిన్న చెయ్యి ఆరకముందే అన్నం పెట్టలేదని అలిగేది. ఒకామె నన్ను తన చెల్లెలనుకుని మొగుడు మంచిగ చూసుకుంటున్నడా అని ఆరా తీసేది. ఇంకొకామె ఒకే చీరను మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టేది. నాకు నవ్వొచ్చేది. ఆ నవ్వును దేవుడు మన్నించాడనే అనుకుంటాను.

నాలుగో అవ్వ అందరికంటే పెద్దది. ఆమె పుట్టిల్లు ఎక్కడో ఎరిగినవాళ్ళెవరూ అప్పటికి మిగల్లేదు. తెలుగు మాటలు ఒక్కొక్కటే జారిపోయి, చివరికి 'జాతే, జాతే' అనడమొక్కటే మిగిలింది. ఉర్దూ మాకందరికీ అంతో ఇంతో వచ్చు గనుక, పోతానంటోంది అనుకున్నాం. పొద్దున లేస్తూనే మూలమూలలా తడుముకుంటూ వాకిలి దాటేది. ఒకరోజు కాలువ గట్టుదాకా వెళ్తే ఎవరో పట్టుకొచ్చారు. అప్పటినుంచి పాత చీరపేలికతో ఆమె కాలు స్తంభానికి కట్టేశారు. కూర్చున్నచోటే నేల మీద కుడిచెయ్యి గుండ్రంగా తిప్పుతూ ఉండేది. అదీ మతిలేని చేష్టే అనుకున్నాం.

పెదనాయనకు భయం పట్టుకుంది. కాలువల పడి సస్తే పాపం నాకు సుట్టుకుంటది, ఏదన్న గుడి కాడ దించొస్త అని ఒక పొద్దున బండి కట్టించాడు. నేను అవ్వ కొంగు పట్టుకుని ఏడుస్తున్నాను.

అదే సమయానికి అంబలి గిన్నెతో మా వదిన వచ్చింది. అన్నకు పెళ్ళయి పదిరోజులే. పెదనాయన ఎదుట కొత్తకోడలు నోరు విప్పకూడని కాలమది. ఆమె చిన్నప్పుడు దెగ్లూరు వైపు అమ్మమ్మగారింట పెరిగిందని మాకు తెలుసు గానీ, అదెందుకు పనికొస్తుందో అప్పటిదాకా తెలియదు. అవ్వ మాట విని గిన్నె కింద పెట్టేసింది.

"పోత అంటలేదత్తా! ఇసుర్రాయి అడుగుతున్నది. మరాఠిల దాన్ని జాతే అంటరు."

"మామ ముంగట గంత నోరేందే నీకు?" అంది పెద్దమ్మ.

వదిన ముసుగు ఇంకాస్త కిందికి లాక్కుంది. గొంతు మాత్రం తగ్గించలేదు.

"ముసుగేసుకునే చెప్తున్న గదత్తా. ఒక్కసారి ఇసుర్రాయి తెప్పియ్యుండ్రి. తప్పయితే నన్ను గూడ గా బండెక్కియ్యుండ్రి."

పెదనాయనే వెళ్ళి, ఇద్దరు జీతగాళ్ళతో ఇసుర్రాయి మోయించుకొచ్చాడు. వదిన కట్టు విప్పింది. అవ్వ ఒక కాలు చాపి, ఒకటి మడిచి కూర్చుని, పిడికెడు జొన్నలు పోసి, పిడి పట్టుకుని తిప్పింది. ఇన్నాళ్ళూ నేల మీద తిరిగిన చెయ్యి అదే! తెల్లటి పిండి రాలుతుంటే, మాకెవరికీ తెలియని ఒక పాట మరాఠీలో మొదలుపెట్టింది. పాట సాగినంతసేపూ పెదనాయన నిలబడే ఉన్నాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని, "ఎడ్లను ఇప్పుండ్రి" అన్నాడు.

మూడేళ్ళు మా ఇంటి జొన్నరొట్టెలన్నీ అవ్వ విసిరిన పిండివే. మళ్ళీ వాకిలి వంక చూడలేదు, కాలికి కట్టు పడలేదు. అంత సన్నటి పిండి ఊళ్ళో ఎవరింట్లో ఉందో చూపమని పెద్దమ్మే అందరినీ సవాలు చేసేది! తలచుకుంటే ఈనాటికీ నా ఛాతీ పొంగుతుంది.

ఇప్పుడు ఆ జబ్బుకు పెద్ద పేరుంది, మందులున్నాయి, సంతోషమే. కానీ ఒక ముసలిమనిషి మాట దగ్గర పని ఆపి, గిన్నె కింద పెట్టి నిలబడే తీరిక ఎవరికుందో నాకు తెలియదు. మా వదిన పోయి చాలా ఏళ్ళయింది. ఆమెది ఫోటో కూడా లేదు. నేను దీపం పెట్టినప్పుడల్లా ఆమెకొక దండం పెట్టుకుంటాను. చదివిన మీరు కూడా ఆ పదహారేళ్ళ కొత్తకోడలిని ఒక్కసారి తలచుకోండి.