ఏదైనా ముందు ముసలోడికే

శ్రీరంగప్ప అన్నకు ఒకటే జబ్బు. అనుమానం ఉన్న వస్తువును మంచి వస్తువు పక్కన కూడా కూర్చోనివ్వడు.

ధర్మవరంలో ఆయనది కంప్యూటర్లు బాగుచేసే కొట్టు. నేను ఇంటర్ మధ్యలో కాలేజీకి దండం పెట్టి వచ్చేసినప్పటి నుంచి ఆ కొట్టులో బల్ల మీద కూర్చుని ఆయనకు సలహాలిస్తున్నాను. నేను లేకపోతే ఆ కొట్టు ఎప్పుడో మూతపడేది. ఈ సంగతి ఆయనకింకా తెలియదు.

కొట్టు మూలలో మూత లేకుండా, డొక్కలు బయటపెట్టుకుని ఒక పాత కంప్యూటర్ ఉంటుంది. దాని పేరు ముసలోడు. ఎవరు ఏ భాగం తెచ్చినా శ్రీరంగప్ప మొదట కళ్లతో చూస్తాడు. తర్వాత వాసన చూస్తాడు. ఆపైన మీటరు పెడతాడు. అప్పటికీ నమ్మకం కుదరకపోతే ముసలోడికి తగిలిస్తాడు.

“పోతే ముసలోడు పోతాడు. వాని ఆయుష్షు ఎప్పుడో అయిపాయ” అంటాడు. ముసలోడు మాత్రం పోడు. పిడుగు పడిన బోర్డును మింగి వాడు త్రేన్చడం నేను ఈ చెవులతో విన్నాను.

ఈ జబ్బు కొట్టు దగ్గర ఆగినా బాగుండేది. కొత్త హోటల్‌కు పోతే, ఉగ్గాని బజ్జీ రాగానే ప్లేటు నా వైపు తోస్తాడు.

“తినప్పా.”

“నీకొద్దా అన్నా?”

“నువ్వు తిని కొంచేపు కూర్చో. చూస్తాం.”

“అంటే నేను ముసలోడినా?”

“ఛ! వాడు పనికొచ్చేవాడు.”

మొన్న ఎండాకాలం పోతూ పోతూ ఒక గాలివాన వచ్చింది. మా వైపు వాన రానే రాదు, వస్తే ట్రాన్స్‌ఫార్మర్‌ను తన్నేసి పోతుంది. మరునాడు త్రివేణి అనే అమ్మాయి కంప్యూటర్‌ను చంటిబిడ్డలా ఎత్తుకొచ్చింది. మగ్గం నేసే ఇంటి పిల్ల. పట్టుచీరలకు కంప్యూటర్లో డిజైన్లు గీస్తుంది.

“అన్నా, ఢామ్మని పొగ వచ్చె! లోపల డిస్కులో నా చీర ఉండాది. ఎండాకాలమంతా గీసినా. ఇన్నాళ్లకు మా నాయన ‘ఈ తూరి నీ డిజైనే నేస్తా’ అన్నాడు. రేపు మగ్గానికి ఎక్కల్ల.”

“ఇంకో కాపీ ఉండాదా?”

ఆ పిల్ల తల వంచుకుంది. “లేదన్నా. పక్కింటి నాగేశ్వరన్న ఆ డిస్కును తన కంప్యూటర్‌కు తగిలించి చూద్దామన్నాడు...”

శ్రీరంగప్ప కుర్చీలోంచి ఎగిరి లేచాడు. “తగిలించినారా?”

“లేదు.”

“బతికినారు! డిస్కు కాలింటే వాని కంప్యూటర్ గూడా పోయుండు. దాంట్లో ఉండే డిజైన్ల మీద ఎంతమంది మగ్గాలు ఆడతాండాయో తెలుసునా?”

విచారణ మొదలైంది. కరెంటు ఇచ్చే డబ్బాను ఊడబెరికి, దాన్ని ఒక పాత ఫ్యానుకు మాత్రమే కలిపి స్విచ్చి వేశాడు. పన్నెండు వోల్టులు రావాల్సిన చోట మీటరు పదిహేను చూపించి, ఇంకా పైకి పోతోంది. ఫ్యాను తిరిగిన తిరుగుడుకు బల్ల ఎగిరి పెనుకొండ మీద వాలుతుందని నేను గట్టిగా పట్టుకున్నాను.

“దొంగ దొరికినాడు” అని ఆ డబ్బాను అవతల పెట్టి, డిస్కుకు మీటరు ఆనించాడు. అది కీచుమని మోగింది, అంటే లోపల ఏదో కాలినట్టే. త్రివేణి ముఖం పాలిపోయింది.

“ఏడవాకు పాపా. ఈడ చూడు, గింజంత ముక్క. కరెంటు ఎక్కువైతే ముందు తాను చచ్చి డిస్కును కాపాడల్లని దీన్ని పెట్టింటారు. ఇది చచ్చింది. డిస్కు బతికిండొచ్చు.” ఆ ముక్కను జాగ్రత్తగా పెరికేసి మళ్లీ మీటరు పెట్టాడు. ఈసారి మోగలేదు.

“ఇంకేం, ముసలోడికి తగిలించు” అని నా సలహా పారేశాను.

“వద్దు. వాని కరెంటు ఒకతూరి ఎక్కుతాది, ఒకతూరి దిగుతాది. దీనికి ఇప్పుడు కాపలా లేదు. మంచి కరెంటే కావల్ల.”

“కొట్టునిండా మంచి కంప్యూటర్లే కదన్నా!”

“అవి జనాలవి.”

అంటూ తన సొంత కంప్యూటర్ మూత విప్పాడు. ఒక్కొక్క భాగం ఏరి తెచ్చి జోడించుకున్నది, దాని మీది దుమ్మును కూడా నన్ను ఊదనివ్వడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి సలహా ఇవ్వకుండా బల్ల దిగాను.

“అన్నా, అది పోతే?” అన్నాను.

“పోతే ఇంకోటి జోడించుకుంటా. ఆ పాప గీసింది యాడ నుంచి తెచ్చేది?”

జనాల వస్తువు దగ్గర ఇంత పిరికివాడు, తన వస్తువు దగ్గర ఇంత మొండివాడని నాకు అప్పుడే తెలిసింది.

తగిలించి స్విచ్చి వేయగానే డిస్కు గుర్రుమంది. “మాట్లాడాకండి. తుమ్మాకండి” అన్నాడు. ఆ ఉక్కలో దుమ్ము లేస్తుందని సీలింగ్ ఫ్యాను కూడా ఆపించాడు. ముగ్గురం చెమటలో నానుతూ నిలబడ్డాం. డిజైను మొత్తం కాపీ అయ్యాక ఇంకో కాపీ కూడా తీసి, అప్పుడు ఫైలు తెరిచాడు. తెర నిండా చీర అంచు, కొమ్మల మీద వరసగా చిలకలు. త్రివేణి “ఉండాది!” అని గట్టిగా అరిచింది.

శ్రీరంగప్ప మాత్రం అద్దాలు పెట్టుకుని తెర మీదికి వంగాడు.

“పాపా, యాడో దెబ్బ తగిలింది. అన్నీ ఇట్ల చూస్తాంటే, ఈ చిలక అట్ల తిరిగింది.”

“దెబ్బ కాదన్నా. అది ఎనకాల దాంతో ముచ్చట్లు పెట్టింది. నేనే అట్ల గీసినా.”

ఆయన ఆ చిలకను, దాని వెనకాల చిలకను మార్చి మార్చి చూశాడు. తర్వాత స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

“అట్లయితే రిపేరు లేదు.”